చెత్తబుట్టలో తొమ్మిదో నంబరు

హోటల్ గదిలో స్ట్రైకర్ లేడు. స్నానాల గది చెత్తబుట్టలో అతని కోసం అచ్చువేయించిన తొమ్మిదో నంబరు చొక్కా మాత్రం తడిసి ముద్దయి పడి ఉంది.

దాన్ని ముందు చూసింది డేగ. ఆ మనిషి అసలు పేరు క్లబ్బులో ఎవరూ వాడరు. ఊరూరా తిరిగి, మట్టి మైదానాల గట్ల మీద నిలబడి, పనికొచ్చే ఫుట్‌బాల్ ఆటగాళ్లను ఏరి తెచ్చే స్కౌట్ అతను. ఎంత దూరం నుంచైనా పరుగు చూసి మోకాలు ఎలాంటిదో చెప్పగలడని ఆ పేరు వచ్చింది.

ఇప్పుడు ఆ కళ్లు గదంతా వెతికాయి. పక్క మీద దుప్పటి మడత కూడా చెదరలేదు. అల్మారా ఖాళీ. బల్ల మీద గది తాళం.

"పడుకోనే లేదు," అన్నాడు.

వెనకాల నిలబడ్డ క్లబ్ డైరెక్టర్ చొక్కాను రెండు వేళ్లతో పైకెత్తాడు. నీళ్లు అతని బూట్ల మీద కారాయి. "మూడోవాడు," అన్నాడు.

ఆటగాళ్లు ఒక క్లబ్బు నుంచి ఇంకో క్లబ్బుకు మారడానికి వేసవిలో కొన్ని వారాలే గడువుంటుంది. దాన్నే విండో అంటారు. అది ఈ సాయంత్రం మూసుకుంటుంది. ఆ తర్వాత ఎంత గొప్పవాడు వచ్చి గేటు దగ్గర నిలబడ్డా సంతకం చెల్లదు. ఈ స్ట్రైకర్‌కు ఇవాళ పొద్దున వైద్య పరీక్ష, మధ్యాహ్నం సంతకం, చొక్కా పట్టుకుని ఫొటో. అన్నీ ఖాయమైపోయాయి.

"ఫోన్?" అన్నాడు డైరెక్టర్.

"ఆపేసి ఉంది."

"మొదట వింగర్. మాటలయ్యాయి, చేతులు కలిపాం, మర్నాడు రానన్నాడు. తర్వాత మిడ్‌ఫీల్డర్. అదే కథ. ఇప్పుడు వీడు. ముగ్గురినీ వెతికింది మీరు. ముగ్గురూ ఎక్కడ దిగారో తెలిసింది మీకు."

"అంటే?"

"నేనేమీ అనడం లేదు. బయట అంటున్నారు. డేగ రెండు గూళ్లలో గుడ్లు పెడుతోందని."

"గుడ్లు పెట్టేది ఆడ డేగ సార్."

డైరెక్టర్ నవ్వలేదు. చొక్కాను మళ్లీ బుట్టలోకి వదిలేశాడు.

"సాయంత్రం లోపు ఆ కుర్రాడు మైదానంలో ఉండాలి. లేకపోతే మీరుండరు. ఎందుకు తీసేశారని ఏ క్లబ్బు అడిగినా, మా రహస్యాలు అమ్ముకున్నాడని చెప్తాను. అడగకపోయినా చెప్తాను."

ఉద్యోగం పోవడం ఈ వృత్తిలో కొత్త కాదు. ఆ మచ్చ పడితే మాత్రం ఏ క్లబ్బూ గేటు తీయదు. ఎవడో పరిగెడుతుంటే చూడటం తప్ప ఇంకో పని డేగకు చేతకాదు. యాభై దాటాక కొత్తగా నేర్చుకోలేడు కూడా.

*

హోటల్ బయట కారులో కూర్చుని ఆలోచించాడు.

డైరెక్టర్ అనుమానం తేలికే. పోటీ క్లబ్బుకు ఎవరో సమాచారం చేరవేస్తున్నారు, వాళ్లు ఎక్కువ ఆశ చూపి ఎగరేసుకుపోతున్నారు. ఈ వ్యాపారంలో రోజూ జరిగేదే. అయితే అందులో ఒక మెలిక అతనికి మింగుడు పడలేదు. మనల్ని కాదని వెళ్లిన వింగర్ పెద్ద క్లబ్బుకు వెళ్లలేదు. కింద విభాగంలో ఆడే చిన్న క్లబ్బుకు వెళ్లాడు. ఎగరేసుకుపోయినవాడు పై అంతస్తులో తేలాలి కదా, నేలమాళిగలో తేలడమేమిటి?

వింగర్‌కు ఫోన్ చేశాడు. ఎత్తుతాడనుకోలేదు. ఎత్తాడు.

"సార్, మీరంటే గౌరవం. దయచేసి మళ్లీ చేయకండి."

"ఒక్క ప్రశ్న. పెట్టేయకు. వాళ్లు జీతం ఎక్కువిస్తామన్నారా?"

"తక్కువే."

"మరి ఎందుకెళ్లావు నాయనా?"

అటువైపు ఎవరో విజిల్ ఊదుతున్నారు. బంతి దేనికో తగిలిన చప్పుడు. వింగర్ గొంతు తగ్గించాడు.

"నాకిద్దరు పిల్లలు సార్. ఆట మానేశాక వాళ్లను భుజాన ఎక్కించుకుని మేడ మెట్లెక్కాలని ఉంది. నా కాళ్లు నాకు కావాలి."

పెట్టేశాడు.

డేగ ఫోన్‌ను ఒళ్లో పడేసుకున్నాడు. అంటే ఎవరూ కొనలేదు. ఎవరో భయపెట్టారు. అదీ కాళ్ల గురించి చెప్పి భయపెట్టారు. కాళ్ల గురించి మాట్లాడేది క్లబ్బులో ఎవరు?

కారు తిప్పాడు.

*

శిక్షణ మైదానం పక్కనే క్లబ్ డాక్టర్ గది. స్ట్రైకర్ కోసం అన్నీ సిద్ధం చేసి ఉంచారు. బల్ల మీద కొత్త కాగితం పరిచి ఉంది, గుండె పరీక్షకు తీగలు వేలాడుతున్నాయి. డాక్టర్ కుర్చీలో వెనక్కి వాలి టీ తాగుతున్నాడు.

"పెళ్లికొడుకు లేచిపోయాడటగా," అన్నాడు.

"వింగర్‌తో మీరేం మాట్లాడారు?"

"ఏ వింగర్?"

"మనం కాళ్లు విరగ్గొడతామని భయపడి పారిపోయిన వింగర్."

డాక్టర్ కప్పు కింద పెట్టాడు. "చూడండి. నేను సంతకానికి ముందు ఎవడితోనూ మాట్లాడను. వాడొచ్చి ఈ బల్ల మీద పడుకున్నాకే నాకు పరిచయం. మీరు తెచ్చిన ముగ్గురూ ఈ గది గడప కూడా తొక్కలేదు. వాళ్లతో ముందుగా మాట్లాడే మనిషి ఈ క్లబ్బులో ఒక్కడే. ఆ ఆనవాయితీ పెట్టింది మీరేనని అందరికీ గొప్పగా చెప్తారు కూడా."

డేగ తలుపు వైపు తిరిగాడు.

ఆ ఆనవాయితీకి క్లబ్బులో కెప్టెన్ పలకరింపు అని పేరు. ధర కుదిరాక, జీతం కుదిరాక, సంతకానికి ముందు కెప్టెన్ ఒక్కడే వెళ్లి కొత్తవాణ్ణి పలకరిస్తాడు. డైరెక్టర్ ఉండడు, కోచ్ ఉండడు, ఏజెంటును కూడా బయట కూర్చోబెడతారు. ఆటగాడి మాట ఆటగాడే నమ్ముతాడు. కోచ్‌కు కోపమొస్తే ఎంతసేపుంటుంది, ఇల్లు ఏ వీధిలో తీసుకుంటే మేలు, ఏ షవర్‌లో వేడి నీళ్లు రావు, ఇలాంటివి కెప్టెన్ చెప్తే కొత్తవాడి బెదురు పోతుంది. లోపల ఏం మాట్లాడుకున్నారో ఎవరూ అడగకూడదన్నది నియమం. అందుకే ఇన్నాళ్లూ ఎవరికీ అటువైపు చూపే పోలేదు.

ఇంకో కారణం కూడా ఉంది. కెప్టెన్ డేగకు బావమరిది. భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు.

తొలిసారి ఆమె ఇంటికి వెళ్లినరోజు డేగ ఆమెను కాకుండా పెరట్లో బంతి తంతున్న తమ్ముణ్ణే చూస్తూ కూర్చున్నాడని ఇప్పటికీ ఇంట్లో దెప్పుతారు. తల్లి లేని పిల్లాడు. అక్క కాపురానికి వస్తే వెంట వచ్చేశాడు. డేగే క్లబ్బుకు తెచ్చాడు. తొమ్మిదో నంబరు తొడిగించాడు. కప్పు గెలిపించింది ఆ తొమ్మిదే. ఇప్పుడు ఆ తొమ్మిదికి వయసు మీరింది. ఆ చొక్కాలోకి కొత్తవాణ్ణి వెతికిందీ డేగే.

డ్రెస్సింగ్ రూంలో కెప్టెన్ లేడు. చొక్కాలు అచ్చువేసే ముసలాయన, అందరూ బట్టల బాబాయ్ అని పిలిచే మనిషి, ఇస్త్రీ పెట్టె చల్లారబెడుతున్నాడు.

"మీ బావమరిది ఇవాళ రాలేదు. కాలు లాగుతోందట," అన్నాడు. "అది సరే, ఆ కుర్రాడి చొక్కా పాడైందన్నారు, మళ్లీ అచ్చెయ్యాలా? తొమ్మిది అంకెలు అయిపోయాయి నా దగ్గర. ఆరు ఉంది, తలకిందులుగా అంటించమంటే అంటిస్తా. టీవీలో ఎవడికి తెలుస్తుంది?"

"ముందు మనిషిని దొరకనీ బాబాయ్."

"మనిషి దొరుకుతాడు. అంకెలే కష్టం."

అప్పుడే ఫోన్ మోగింది. భార్య.

"వచ్చేటప్పుడు గుడ్లు పట్రండి. మా తమ్ముడు తెచ్చిన కుర్రాడు ఉన్నవన్నీ ఊడ్చేశాడు."

"ఏ కుర్రాడు?"

"వాడి స్నేహితుడి తమ్ముడట. పొద్దున మీరు అటు వెళ్లారు, వీళ్లు ఇటు వచ్చారు. సాయంత్రం బస్సు దాకా ఉంటాడట. తాటిచెట్టంత ఉన్నాడండీ. వంటింట్లో దీపానికి తల రెండుసార్లు కొట్టుకున్నాడు. నోట్లో నాలుక లేదు, పాపం."

డేగ అప్పటికే కారు వైపు నడుస్తున్నాడు. "వాణ్ణి ఎక్కడికీ వెళ్లనివ్వకు," అన్నాడు.

*

వంటింటి బల్ల ముందు స్ట్రైకర్ కూర్చుని ఉన్నాడు. ముందు ఖాళీ పళ్లెం. డేగను చూడగానే లేచాడు. దీపానికి మూడోసారి తల కొట్టుకున్నాడు. వెనక గుమ్మంలో, మంచుముక్కలు వేసిన బకెట్టులో కుడికాలు పెట్టుకుని కెప్టెన్ కూర్చున్నాడు. తల తిప్పలేదు.

"ఎందుకు చేశావురా?" అన్నాడు డేగ.

కెప్టెన్ బకెట్టులో మంచును కాలితో కదిపాడు.

"నిన్నే. నా ఇంట్లోనే దాచావా? ఊరంతా నన్ను దొంగంటుంటే, దొంగసొత్తు తెచ్చి నా వంటింట్లో పెట్టావా?"

"ఏమైందండీ?" భార్య పెనం చేతిలో పట్టుకునే వచ్చింది. "ఎవరీ అబ్బాయి?"

"మీ తమ్ముడి నంబరు వేసుకోవాల్సిన అబ్బాయి. సంతకం చేస్తే వీణ్ణి బెంచీ మీదకు తోస్తాడని, రాకుండా చేశాడు మీ తమ్ముడు. ఇద్దర్ని ముందే తరిమేశాడు."

ఆమె తమ్ముడి వైపు చూసింది. "ఏరా?"

పలికింది స్ట్రైకర్.

"సార్, ఒకటి అడగనా? అన్న చెప్పింది నిజమేనా? నొప్పి తెలియకుండా అన్న చీలమండలో సూదులు పొడిచి ఆడించారట. మీరు పక్కనే ఉన్నారట."

పెనం గిన్నెల మీద దించిన చప్పుడు.

"ఏ సూదులు?" అంది ఆమె. "బెణికిందన్నారు కదా నాతో. కప్పు గెలిచిన ఏడాది. బెణికింది, కట్టు కడితే పోతుందన్నారు. నేను రోజూ వేడినీళ్ల కాపడం పెట్టాను." ఆమె మొగుడి వైపు తిరిగింది. "మిమ్మల్నే అడుగుతున్నా."

డేగ తల వంచుకున్నాడు. వంచుకున్న కళ్లు నేల మీద నిలవలేదు. కుర్రాడి చీలమండల దగ్గర ఆగిపోయాయి. ఎంత సన్నగా, ఎంత గట్టిగా ఉన్నాయో చూస్తున్నాయి. ఇంత జరుగుతున్నా ఆ కళ్లు వాటి పని అవి చేసుకుపోతున్నాయని అతనికే తెలిసింది.

"నిజమే," అన్నాడు చివరికి.

స్ట్రైకర్ తల ఊపాడు. కుర్చీ కింద నుంచి బూట్లు లాక్కుని తొడుక్కోవడం మొదలుపెట్టాడు.

"బస్సుకు ఇంకా టైముంది, కూర్చో," అన్నాడు కెప్టెన్.

"బస్సుకు కాదన్నా. క్లబ్బుకు."

"ఏమిటి?"

"ఇందాక మా కోచ్‌కి ఫోన్ చేశాను. తిరిగొస్తానన్నాను. ఎక్కడికి అన్నాడు. ఈ బేరం ఖాయమని నమ్మి నా స్థానంలో ఇంకొకణ్ణి తెచ్చుకున్నారట. డ్రెస్సింగ్ రూంలో నా కొక్కేనికి వాడి సంచి తగిలించేశారట." అతను లేసు ముడి బిగించాడు. "సాయంత్రం దాటితే నేను ఎక్కడివాణ్ణీ కాను. అక్కడ బెంచీ మీద కూడా చోటు లేదు."

అంగడిలో చేతులు మారిన సరుకును వెనక్కి తీసుకునేవాడు ఉండడని డేగకు తెలుసు. ఆ సంగతి ఇలా ఒక మనిషి నోట, తన వంటింట్లో, లేసు కట్టుకుంటూ చెప్తుంటే వినడం మాత్రం ఇదే మొదలు.

డైరెక్టర్‌కు ఫోన్ చేశాడు. బల్ల మీద పెట్టి స్పీకర్ నొక్కాడు.

"దొరికాడు సార్. వస్తున్నాడు. సంతకం చేస్తాడు."

"ఎక్కడ దొరికాడు?"

"మా ఇంట్లో."

అటువైపు డైరెక్టర్ మెల్లగా నవ్విన చప్పుడు.

"మీ ఇంట్లో. బాగుంది. నేను రెండు గూళ్లనుకున్నాను, ఒక్క గూడే అన్నమాట. దాచి పెట్టి, ఆఖరి ఘడియలో వెతికి తెచ్చినట్టు నాటకం ఆడితే మెడలో దండ వేస్తాననుకున్నారా? లేక ఎవరైనా ఎక్కువిస్తారని చూసి, ఎవరూ రాకపోతే ఇప్పుడు నాకు పంపుతున్నారా?"

"సార్, అది కాదు..."

"కుర్రాణ్ణి కారెక్కించండి. మీరు రానక్కరలేదు. రేపటికి ప్రతి క్లబ్బుకూ మీ సంగతి తెలుస్తుంది. ఏమైనా చెప్పుకునేదుంటే ఇప్పుడే చెప్పండి."

డేగ నోరు తెరిచాడు. ఒక్క పేరు చెప్తే చాలు. బకెట్టు వైపు చూశాడు. మళ్లీ నోరు మూశాడు. చెప్పలేదు. కానీ ఫోన్ కట్ చేయనూ లేదు. స్పీకర్ వెలుగుతూనే ఉంది. అతను బల్ల మీద ఫోన్‌ను వేలితో తోశాడు. వెనక గుమ్మం ఉన్న వైపుకు.

భార్య అది చూసింది.

కెప్టెన్ కూడా చూశాడు. బకెట్టులోంచి కాలు తీశాడు. తడి కాలితో కుంటుతూ వచ్చి, బల్ల అంచు పట్టుకుని, ఫోన్ మీదికి వంగాడు.

"డైరెక్టర్ గారూ, నేనండీ, కెప్టెన్ని. బావకు ఏమీ తెలీదు. చేసింది నేను. ముగ్గురి దగ్గరా నేనే.

వింగర్ వస్తే కోచ్ ఆట తీరు మారుస్తాడని, అందులో నాకు చోటుండదని తెలుసు. పలకరించడానికి వెళ్లి, ఇక్కడ కాళ్లను ఏం చేస్తారో చెప్పాను. అబద్ధం ఒక్కటీ చెప్పలేదు. కానీ వాడి మేలు కోసం చెప్పలేదు, బెదరగొట్టడానికే చెప్పాను. మిడ్‌ఫీల్డర్‌కీ అంతే. రెండోసారి ఇంకా సులువుగా వచ్చింది.

ఈ కుర్రాడి దగ్గరికి మాత్రం మంచే చెబుదామని వెళ్లాను. వీడు సంతకం పెట్టగానే నన్ను కింద విభాగానికి పంపేస్తారని నాకు తెలుసు సార్. మీరు ఎవరికీ చెప్పలేదనుకున్నారు, బట్టల బాబాయ్‌కి కూడా తెలుసు. నా సంచి సర్దుకునే ఉంది. వీడికి ఇల్లు ఏ వీధిలో తీసుకోవాలో చెప్తున్నాను. వీడు నా కాళ్ల వైపు చూసి, ఇంత ఎండలో సాక్స్ ఎందుకన్నా అన్నాడు. తీసి చూపించాను. మా అక్కకు కూడా ఎప్పుడూ చూపించలేదు. చూపించాక ఇక నోరు ఆగలేదు. ఫైనల్ ముందు డాక్టర్ సూది దింపుతుంటే బావ నా చేయి పట్టుకున్నాడని చెప్పాను. ఒక్క ఆటే కదరా అన్నాడని చెప్పాను. ఆ తర్వాత ప్రతి ఆటా ఆ ఒక్క ఆటే అయిందని చెప్పాను. వీడు ఏడ్చాడు. రాత్రే నేను మా ఇంటికి తీసుకొచ్చేశాను. మా భవనంలో సగం జట్టు ఉంటుంది, అందుకని పొద్దున్నే అక్క దగ్గరికి తెచ్చాను. బావ ఇంట్లో ఎవరూ వెతకరు కదా. బావ మీదికే వస్తుందని అప్పుడు తట్టలేదు. తట్టినా తెచ్చేవాణ్ణేమో.

చొక్కా తడిపి చెత్తబుట్టలో వేసింది కూడా నేనే. నా నంబరు ఇంకొకడి వీపు మీద చూడలేక వేశానో, ఇంకొకడికి నా గతి పట్టకూడదని వేశానో, అడిగితే చెప్పలేను. రెండూ ఉన్నాయి. ఏది ఎంతో నాకు తెలీదు.

వీడు బూట్లు కట్టుకుంటున్నాడు సార్. వస్తాడు. మీరేమీ కంగారు పడక్కర్లేదు. ఇందాక బావ రాకముందు ఈ కాలు బకెట్టులో పెట్టుకుంటుంటే వంగి చూశాడు. చూసి ఒకటే అడిగాడు. ఈ కాలితో ఎన్ని గోల్స్ కొట్టావన్నా అని.

నేను చెప్పాను సార్. లెక్క తప్పకుండా చెప్పాను. గర్వంగానే చెప్పాను."